గవ్వలు, గిద్దలు, చుక్కలు

ఏప్రిల్ 27, ఆదివారం. నరసాపురం.

హైదరాబాదు నుంచి పిల్లలు దిగారు. పెద్దది ఈసారి నాలుగో తరగతికి వెళ్తుంది, చిన్నవాడు రెండుకి. బట్టల కింద రెండు లెక్కల వర్క్‌బుక్కులు సర్ది పంపింది మా అమ్మాయి. రోజుకి రెండేసి పేజీలు చేయించకపోతే సెలవుల్లో అన్నీ మర్చిపోతారని ఫోనులో ఒకటికి రెండుసార్లు చెప్పింది.

పుస్తకం తిరగేశాను. పేజీ నిండా తీసివేతలు, అన్నీ ఒకటే మూస, కింద నక్షత్రం బొమ్మ. దాన్ని చూడగానే పెద్దది కడుపునొప్పి అంది. ఏళ్ళ తరబడి ఎలిమెంటరీ స్కూల్లో చెప్పినదాన్ని, లెక్కల పీరియడుకి వచ్చే ఆ కడుపునొప్పి దొంగనొప్పి కాదని నాకు తెలుసు. పుస్తకాలు దాచెయ్యలేదు, హాల్లో బల్లమీదే ఉంచాను. వాటి దగ్గరికీ వస్తాం, కాకపోతే చుట్టుదారిన.

ఏప్రిల్ 29, మంగళవారం

ప్రథమ్ సంస్థవాళ్ళు పల్లెల్లో ఇంటింటికీ తిరిగి పిల్లల చదువు చూసి ఇచ్చే అసర్ నివేదిక, 2024ది, మళ్ళీ చదివాను. దేశం మొత్తంమీద పల్లెల్లో మూడో తరగతి పిల్లల్లో తీసివేత వచ్చినవాళ్ళు 33.7 శాతం. 2018లో 28.2. కొంత నయమే, కానీ ఇప్పటికీ ముగ్గురిలో ఒకరికే వచ్చినట్టు. అడిగేది బ్రహ్మవిద్య ఏమీ కాదు. రెండంకెల సంఖ్యలోంచి రెండంకెల సంఖ్య, పక్కనుంచి అప్పు తెచ్చుకుని తియ్యాలి.

సాయంత్రం చిన్నవాణ్ణి అడిగాను, 41లోంచి 17 పోతే ఎంతరా అని. 36 అన్నాడు. ఎలా వచ్చిందో చెప్పమంటే టకటకా చెప్పాడు: ఏడులోంచి ఒకటి పోతే ఆరు, నాలుగులోంచి ఒకటి పోతే మూడు. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తియ్యాలన్న రూలు వాడి బుర్రలో ఉంది, దాన్ని శ్రద్ధగా పాటించాడు. ఇలాంటి జవాబుకి ఇంటూ కొట్టేస్తే వాడికి తెలిసేది ఒకటే, తనకి లెక్కలు రావని.

చీపురుపుల్లలు విరిచి పదేసి చొప్పున రబ్బరుబ్యాండు వేశాం. నాలుగు కట్టలు, ఒక విడిపుల్ల వాడి ముందు పెట్టి, నాకు పదిహేడు పుల్లలు ఇవ్వరా కన్నా అన్నాను. కాసేపు కట్టల వంక చూశాడు. "అమ్మమ్మా, ఒకటి విప్పేయనా?" అన్నాడు. విప్పడమే అప్పు తెచ్చుకోవడం. ఇరవైనాలుగు మిగిలాయి. తర్వాత అదే లెక్క పలకమీద రాయించాను, కట్ట విప్పినచోట నాలుగు కొట్టేసి మూడు వేయించి. పలక లేకుండా పుల్లల దగ్గరే ఆపేస్తే అది పుల్లలాటగానే మిగిలిపోతుంది. ఈ సెలవులన్నిటికీ నేను పెట్టుకున్న నియమం ఇదొక్కటే. ఆట ఎంతసేపైనా ఆడుకోండి, లేచే ముందు ఒక్క వరుస రాయండి.

మే 1, గురువారం

అరుగుమీద సుద్దతో ఐదు ఐదుల గళ్ళు గీసి అష్టాచెమ్మా మొదలెట్టాం. గవ్వలు దొరకలేదు. చింతపిక్కల్ని అరుగు గచ్చుకి ఒకవైపు అరగదీస్తే తెల్లటి పప్పు బయటపడింది. నాలుగు పిక్కలు. ఒకటి తెల్లగా పడితే ఒకటి, రెండు పడితే రెండు, మూడు పడితే మూడు. నాలుగూ తెల్లగా పడితే చెమ్మ, నాలుగు. నాలుగూ నల్లగా పడితే అష్ట, ఎనిమిది.

చిన్నవాడికి ఇందులో కూడిక దొరికింది. కాయ ఇక్కడుంది, మూడు పడింది, ఎక్కడికి పోతుంది? మొదట్లో ఒక్కో గడినీ వేలితో పొడుస్తూ లెక్కపెట్టాడు. కొన్ని ఆటలు గడిచేసరికి కన్ను ముందే వెళ్ళి ఆ గడిలో వాలుతోంది. ఏది పడితే అక్క కాయ చస్తుందో ముందే చెబుతున్నాడు. "అక్కా, నాకు మూడు పడిందా, నువ్వు అయిపోయావ్!" తీసివేతని పట్టుకుని ఏడ్చేవాడికి ఇది తీసివేత అని ఇంకా తెలియదు. రేపు చెప్తాను.

పెద్దదానికి వేరే గొడవ. "అమ్మమ్మా, ఎప్పుడు చూడు రెండే పడుతోంది, అష్ట రానే రాదు" అంది. సరే, రాసిపెట్టవే అన్నాను. ఆట ఆపి ఇద్దరూ పిక్కలు వెయ్యడం, పడ్డదాని ఎదురుగా గీత గియ్యడం. నాలుగు నిలువుగీతలకి ఒక అడ్డగీత, ఐదేసి కట్టలు. మధ్యాహ్నానికి అరుగుమీద రెండు ఎదురుగా గీతలు అన్నిటికంటే దూరం పోయాయి, ఒకటీ మూడూ దానికి అటూ ఇటూ ఇంచుమించు సమానం, చెమ్మా అష్టా పొట్టిగా మిగిలిపోయాయి.

ఎందుకలా? పలకమీద తెలుపుకి 'తె', నలుపుకి 'న' పెట్టుకుని నాలుగు పిక్కలూ ఎన్నిరకాలుగా పడొచ్చో రాసింది. రాసినవే మళ్ళీ రాసింది, కొన్ని వదిలేసింది, దులిపి మళ్ళీ మొదలెట్టింది. నేను నోరు విప్పలేదు. చివరికి పదహారు తేలాయి. వాటిలో రెండు తెలుపులవి ఆరు, ఒక తెలుపువి నాలుగు, మూడు తెలుపులవి నాలుగు, అన్నీ తెలుపు ఒకటి, అన్నీ నలుపు ఒకటి. "అందుకా!" అని అరిచిన అరుపుకి తాతయ్య పేపరు పక్కన పెట్టి వచ్చారు.

సంభావ్యత అనే మాట దానికి పెద్ద తరగతుల్లో గాని ఎదురుపడదు. అప్పుడు కొత్తగా ఉండదు.

మే 2, శుక్రవారం

పక్కవీధిలో గవ్వలు దొరికాయి. గవ్వలతో వేస్తే నిన్నటి గీతల తీరు మారిపోయింది. గవ్వకి వీపు గుండ్రం, నోరున్న వైపు చదును, రెండు వైపులా ఒకేలా పడదు. పెద్దది ఈసారి ఎవరూ చెప్పకుండానే గీతలు గీసుకుంటోంది.

మే 4, ఆదివారం

వామనగుంటల పీట అటకమీంచి దించాం. చేప ఆకారంలో మడతపడేది, మా అత్తగారిది. పద్నాలుగు గుంటలు, గుంటకి ఐదేసి గింజలు. మొత్తం ఎన్ని కావాలో డబ్బాలోంచి లెక్కపెట్టి తెమ్మంటే పెద్దది డెబ్భై తెచ్చింది. చిన్నవాడు ఒక్కో గుంటా నింపుకుంటూ పోయి అక్కడికే చేరాడు. ఇద్దరిదీ సరైన దారే, ఎవరినీ తొందర పెట్టలేదు.

గింజలు పంచుకుంటూ పోతాం, చేతిలోవి అయిపోతే ఆ పక్క గుంటలోవి తీసి మళ్ళీ పంచుతాం. ఆ పక్కది ఖాళీ అయితే దాని తరవాతి గుంటలోవి మనవి. ఏ గుంట ఎత్తితే చివరి గింజ ఎక్కడ పడుతుందో ముందే చూడగలిగినవాళ్ళదే ఆట. మా చిన్నప్పుడు పెద్దవాళ్ళు నోరు మెదపకుండా కళ్ళతోనే ఆ లెక్కంతా కట్టేసేవారు. పిల్లల చేత మాత్రం పైకి చెప్పించాలి. "ఇక్కడ ఆరున్నాయి, ఆరో గుంట అదీ, దాని పక్కది ఖాళీ, అవతల తొమ్మిది నావి" అని వాగుతూ ఆడితేనే లోపల జరిగేది మనకి వినిపిస్తుంది.

మే 9, శుక్రవారం

ఆవకాయ. ఇల్లంతా ఆవఘాటు. ముక్కలు కొట్టించి, తుడిచి ఆరబెట్టాక కొలిచే పని పిల్లలకి అప్పగించాను. మా ఇంట్లో పాళ్ళు: నాలుగు సోలల ముక్కకి సోల కారం, సోల ఆవపిండి, ఉప్పు సోలకి కొంచెం వెలితి. ముక్కలు పది సోలలు తేలాయి. కారం ఎంత?

పెద్దది కాగితం తెచ్చుకుంది. పదిలో నాలుగు రెండుసార్లు పోతుంది, రెండు మిగిలింది. ఇక్కడ ఆగిపోయింది. బళ్ళో అయితే శేషం 2 అని రాసి చక్కా పోవచ్చు. ఇక్కడ ఆ శేషం రెండు సోలల మామిడిముక్కలు, వాటికి కారం పడకపోతే బూజు పడుతుంది. అరసోల అంది కాసేపటికి. రెండున్నర సోలలు.

ఇత్తడి కొలతలు వరసగా పెట్టి బియ్యంతో ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి పోయించాను. రెండు గిద్దలు అరసోల. రెండు అరసోలలు సోల. రెండు సోలలు తవ్వ. రెండు తవ్వలు మానిక. రెండు మానికలు అడ్డ. రెండు అడ్డలు కుంచం. ప్రతి మెట్టూ రెట్టింపే. కుంచానికి ఎన్ని గిద్దలు? చిన్నవాడు చెంబులు చూస్తూ చెప్పుకుపోయాడు: రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు, ముప్పైరెండు, అరవైనాలుగు. చివరిదానికి ఊపిరి బిగపట్టాడు.

అప్పుడు పెద్దదానికి ఇంకోటి తట్టింది. "సోలకి నాలుగు గిద్దలు కదా అమ్మమ్మా. నాలుగు సోలల ముక్కకి సోల కారం అంటే, ఒక్కో సోల ముక్కకీ ఒక్కో గిద్ద! పది సోలలకి పది గిద్దలు. ఊరికే భాగారం చేశాను!" ఏళ్ళ తరబడి ఆవకాయ పెడుతున్నా నాకు ఆ మాట ఎవరూ చెప్పలేదు. సంతోషం పట్టలేక దాని బుగ్గలు కారం చేతులతో పట్టుకోబోయి ఆగాను.

మే 10, శనివారం

నిన్నటి రెట్టింపుల మాట విని తాతయ్య బీరువాలోంచి పాత నాణేల మూట తీశారు. కాణీ, అర్ధణా, అణా, బేడ, పావలా, అర్ధరూపాయి, రూపాయి. రెండు కాణీలు అర్ధణా, రెండు అర్ధణాలు అణా, రెండు అణాలు బేడ... రూపాయికి అరవైనాలుగు కాణీలు. కొలతల్లోనూ ఏడు మెట్లు, నాణేల్లోనూ ఏడు మెట్లు, రెండుచోట్లా అరవైనాలుగు. పిల్లలు ఒకదాని కింద ఒకటి రాసి, కాణీ కింద గిద్ద, రూపాయి కింద కుంచం పెట్టారు.

సగం, సగంలో సగం అనేది తరాజు లేకపోయినా చేత్తో చెయ్యగలిగిన పని, అందుకే పాతవాళ్ళకి అంత నచ్చింది. 1957 ఏప్రిల్ 1న రూపాయికి వంద నయాపైసలు వచ్చాక కాగితంమీద లెక్క తేలికైంది. రెండూ తెలియాలి పిల్లలకి. పావు అంటే 25 అని బట్టీ పట్టిన పిల్లకి, సగంలో సగం అని అర్థమైన పిల్లకి చాలా తేడా ఉంది.

మే 14, బుధవారం

కిరాణా కొట్టుకి పంపాను, చేతికి వంద నోటు ఇచ్చి. ఫోనుతో స్కాన్ చేసే రోజుల్లో పిల్లలకి చిల్లర కనిపించడమే మానేసింది. ఇది మామూలు నష్టం కాదు. ఇంట్లో వారానికి ఒక్కసారైనా నోట్లతో కొనిపించాలి.

64 రూపాయలైంది. కొట్టు ఆయన తీసివెయ్యలేదు, ఎక్కించాడు: ఒక రూపాయి ఇచ్చి అరవైఐదు, ఐదు ఇచ్చి డెబ్భై, మూడు పదులు ఇచ్చి వంద. ఇంటికొచ్చాక పెద్దదాని చేత 100లోంచి 64 తీయించాను. సున్నాలమీదుగా రెండుసార్లు అప్పు, మొహం చిట్లింపు, 36. చేతిలో చిల్లర చూసుకుంది, 36. మరి ఆయన అప్పు ఎక్కడ తెచ్చుకున్నాడు అని అడిగింది. మంచి ప్రశ్న. ఒక గీత గీసి 64 నుంచి వందదాకా గెంతులు వేశాం: 1, 5, 30. కొట్టులో జరిగింది కాగితం ఎక్కింది.

మే 15, గురువారం

నిన్న రాత్రి పడుకోబోతూ గుర్తొచ్చింది. బ్రెజిల్‌లో రెసిఫె నగరం, 1985లో వచ్చిన ఒక పరిశోధన. వీధిలో కొబ్బరికాయలు అమ్మే పన్నెండేళ్ళ కుర్రాణ్ణి, కాయ 35 చొప్పున పది కాయలు ఎంత అని కొనేవాళ్ళలాగే అడిగారు. మూడు కాయలు 105, ఇంకో మూడు కలిస్తే 210, ఇంకా నాలుగు కావాలి అని చెప్పుకుంటూ 350కి వచ్చాడు. అలాంటి పిల్లలకే అవే లెక్కలు కాగితంమీద ఇస్తే తప్పులు దొర్లాయి. 35 పక్కన సున్నా చేర్చాలన్న బడి పద్ధతి ఆ కుర్రాడికి తట్టనేలేదు.

2025లో నేచర్ పత్రికలో అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో బృందం కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో చూసినది అచ్చయింది. బజార్లో పనిచేసే పిల్లలు చిక్కు బేరాలు నోటితో చక్కగా తేలుస్తారు, బడి లెక్క ముందు తడబడతారు. బడి పిల్లలు కాగితంమీద చేస్తారు, బేరం ఎదురైతే తికమకపడతారు. అటుది ఇటు రాదు, ఇటుది అటు పోదు.

ఇంట్లో లెక్కల గురించి నా పట్టుదల అంతా ఇందుకే. ఆటలు ఆడిస్తే చాలు, వాళ్ళే నేర్చుకుంటారు అనేది సగం మాట. వర్క్‌బుక్కులు చేయిస్తే చాలు అనేదీ సగమే. రెంటికీ మధ్య ఎవరో ఒక పెద్దమనిషి కూర్చుని, ఇదిగో నువ్వు కొట్టులో చేసిందీ ఇక్కడ రాసిందీ ఒకటే అని రోజూ చూపించాలి. ఆ పనికి డిగ్రీలు అక్కర్లేదు, కొంచెం తీరిక కావాలి.

మే 18, ఆదివారం

తెల్లవారుజామున కళ్ళాపి చల్లి ముగ్గు. పెద్దది చుక్కలు పెడతానంది. ఐదు చుక్కలు, సందు చుక్క, మూడు వచ్చేవరకు. మధ్యలో ఐదు, అటు నాలుగు మూడు, ఇటు నాలుగు మూడు. మొత్తం 19. ఏడు చుక్కలు, సందు చుక్క, నాలుగు వచ్చేవరకు అయితే? 37. తొమ్మిది నుంచి ఐదు వరకు? 61. ఒక్కొక్కటీ కూడింది, చుక్క చుక్కా లెక్కపెట్టకుండా వరుసలు జత కలుపుకుని. ఇదే కూడిక వర్క్‌బుక్కులో ఉంటే కడుపునొప్పి వచ్చి ఉండేది.

తర్వాత అదే ముగ్గుని వరుసలుగా కాక చుట్లుగా చూడమన్నాను. నడుమ ఒక చుక్క. దాని చుట్టూ 6. ఆ పైచుట్టు 12. ఆ పైది 18. ఆ పైది 24. ఆరో ఎక్కం వాకిట్లో పరుచుకుని ఉంది.

అప్పుడు పక్కింటి లేసు మామ్మ వచ్చింది, అరుగుమీద కూర్చుని అల్లుకుంటూ. మా ఊళ్ళో ఎందరో ఆడవాళ్ళలాగే చిన్నప్పటినుంచీ క్రోషియా సూది చేతిలోనే. గుండ్రటి పువ్వు అల్లుతోంది. పెద్దది ఆవిడ పక్కన చేరి, ఎన్ని కుట్లు మామ్మా అంది. "మొదటి చుట్టు ఆరమ్మా. తర్వాత పన్నెండు. తర్వాత పద్దెనిమిది. చుట్టుకి ఆరు పెంచకపోతే గిన్నెలా లేచిపోద్ది, ఎక్కువైతే అంచు ముడతలు పడిపోద్ది" అంది చెయ్యి ఆపకుండా. పిల్ల నావంక తిరిగి, ముగ్గువంక చూసి, మళ్ళీ లేసువంక చూసింది. "ఆరో ఎక్కం!" అంది. మామ్మ నవ్వి, "నాకు లెక్కలు రావమ్మా, చదువుకోలేదు" అంది.

మరియా మీస్ అనే జర్మన్ ఆవిడ మా ఊరి లేసు స్త్రీల గురించి 1982లో ఒక పుస్తకం వేసింది. ఇంట్లో కూర్చుని దేశదేశాల బజారుకి సరుకు అందించే ఈ పనిని ఎవరూ పనిగా లెక్కించలేదని ఆవిడ వాదన. నాకు ఇంకో మాట కలపాలనిపిస్తుంది: ఆ చేతుల్లో నడిచిన లెక్కని కూడా ఎవరూ లెక్క అనలేదు. మా పిల్లలకైనా అది లెక్కేనని ఈ రోజు తెలిసింది. పెద్దది పలకమీద మామ్మ చుట్లూ ముగ్గు చుట్లూ పక్కపక్కన రాసి తీసుకెళ్ళి ఆవిడకి చూపించింది. ఇది నువ్వు చేసిందే మామ్మా అని చెప్పింది.

రాత్రి నేను ఒక్కదాన్నే కూర్చుని ఆ చుక్కలు కూడుకున్నాను. 1. ఒకటీ ఏడూ 8. దానికి 19 కలిపితే 27. 37 కలిపితే 64. 61 కలిపితే 125. అన్నీ ఘనాలు. వాకిట్లో పరిచిన చుక్కలు ఒకదానిమీద ఒకటి పేరిస్తే పెట్టె నిండుతుందన్నమాట. ఇది పిల్లలకి ఇప్పుడే చెప్పను. పెద్దది ఆరేడు తరగతులకి వచ్చాక తనే కనుక్కునే అవకాశం దానికి ఉండాలి.

మే 20, మంగళవారం

ఎదురింటి కోడలు తన కొడుకు ముందే అంది, "వీడికీ నా పోలికే అత్తయ్యగారూ, నాకూ లెక్కలంటే భయమే" అని. పిల్లవాడు తల ఊపాడు. ఆవిడ ప్రేమతోనే అంది, కానీ ఆ మాట పిల్లలు వారసత్వంగా తీసుకుంటారు. 2015లో సైన్స్ పత్రికలో షికాగో పిల్లలమీద ఒక అధ్యయనం వచ్చింది. నిద్రపోయే ముందు కథలాంటి చిన్న లెక్క ఒకటి తల్లిదండ్రులూ పిల్లలూ కలిసి చేసిన ఇళ్ళలో ఒకటో తరగతి పిల్లలు ముందుకెళ్ళారు. లెక్కలంటే బెదురున్న తల్లిదండ్రుల పిల్లల్లో ఆ మేలు మరీ బాగా కనిపించింది. ఆవిడకి అదే చెప్పాను. రాత్రి అన్నం పెట్టేటప్పుడు ఇడ్లీలో అప్పడాలో ఏవో లెక్క అడగమన్నాను, జవాబు ఆవిడకి కూడా తెలియనిదైతే మరీ మంచిదన్నాను.

మే 23, శుక్రవారం

రైల్వేస్టేషనుకి పోతూ ఆటోలో నంబరు ప్లేట్ల ఆట. మహారాష్ట్రలో నాసిక్ దగ్గర దేవ్‌లాలీలో కాప్రేకర్ అనే బడి మాస్టారు ఉండేవారు. ఆయన 1949లో కనిపెట్టిన వింత ఇది. నాలుగంకెలు, అన్నీ ఒకటే కాకూడదు. పెద్దనుంచి చిన్నకి పేర్చి, అందులోంచి చిన్ననుంచి పెద్దకి పేర్చింది తియ్యాలి. వచ్చినదానితో మళ్ళీ అదే.

ముందు వెళ్తున్న బండిమీద 3524. పెద్దది నోటుపుస్తకంలో వేసింది: 5432లోంచి 2345 పోతే 3087. 8730లోంచి 0378 పోతే 8352. 8532లోంచి 2358 పోతే 6174. మళ్ళీ చేస్తే మళ్ళీ 6174. ఇంకో బండి, 4527. ఈసారి ఏడు తీసివేతలు పట్టింది, 5085, 7992, 7173, 6354, 3087, 8352, చివరికి అదే 6174. ఏడుకి మించి ఎప్పుడూ పట్టదు. మధ్యలో ఎక్కడైనా అప్పు మర్చిపోతే దారి మారుతుంది, అయినా తర్వాత సరిగ్గా చేస్తే దాదాపు ఎప్పుడూ 6174కే వచ్చి చేరుతుంది. ఎర్ర ఇంకు పెన్ను పట్టుకుని ఎవరూ పక్కన నిలబడక్కర్లేదు.

చిన్నవాడికి మూడంకెలు ఇచ్చాం, వాడిది 495కి చేరుతుంది. అక్క సాయం పట్టింది. వర్క్‌బుక్కులో రెండు పేజీల తీసివేతలు ఆటోలోనే అయిపోయాయి.

మే 28, బుధవారం

వాన. కరెంటు లేదు. తొమ్మిదో ఎక్కం దగ్గర పెద్దది కాస్త నీళ్ళు నములుతుంది. పొడవాటి కాగితంమీద 12345679 వేసి తొమ్మిదితో గుణించమన్నాను. మధ్యలో ఎనిమిది లేదేంటి అంది. చేసి చూడమన్నాను. తొమ్మిది తొమ్మిదులు 81, ఒకటి వేసి ఎనిమిది చేతిలో. ఏడు తొమ్మిదులు 63, ఎనిమిదితో 71, ఒకటి వేసి ఏడు చేతిలో. ఆరు తొమ్మిదులు 54, ఏడుతో 61. ప్రతిసారీ కింద ఒకటే. కాగితం చివరికి వచ్చేసరికి 111111111.

ఇలా హారంలా గుచ్చినట్టు వచ్చే గుణకారాలు తొమ్మిదో శతాబ్దంలోనే మహావీరాచార్యులు గణితసార సంగ్రహంలో ఇచ్చారు. ఇదీ వాటిలో ఒకటే. ఆ గ్రంథాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో లెక్కల పుస్తకం అలా పుట్టింది. లెక్కలో అందం చూపించి ఊరించడం మనకి కొత్తగా ఎవరో నేర్పాల్సిన పని కాదు.

జూన్ 1, ఆదివారం

వర్క్‌బుక్కు తెరిచాం. పెద్దది తీసివేతల పేజీ చూసి, ఇవి రెండు మూడు చాలు అమ్మమ్మా, అన్నీ ఒకటే అంది. నిజమే. కడుపునొప్పి మాట రాలేదు. చిన్నవాడు ఒక లెక్క దగ్గర ఆగి, లోపల్లోపల కట్ట విప్పుతున్నట్టు రెండు వేళ్ళు కదిపాడు. పుల్లలు అడగలేదు.

పక్క పేజీలో మాటల లెక్క ఒకటుంది, ఎక్కడా లేని ఆపిళ్ళ తోట గురించి. దాన్ని కొట్టేసి వాళ్ళనే ఒక లెక్క రాయమన్నాను. చిన్నవాడి లెక్క: "మా అమ్మమ్మ దగ్గర 12 బూరెలు ఉన్నాయి. తాతయ్య కొన్ని తిన్నారు. 5 ఉన్నాయి. తాతయ్యకి షుగరు. ఎన్ని తిన్నారు?" లెక్కకి అక్కర్లేని సమాచారం కూడా ఒకటి పెట్టాడు. ఏది కావాలో ఏది వద్దో ఏరుకోవడం కూడా లెక్కలో భాగమే, పిల్లల చేత లెక్కలు రాయిస్తే అది దానంతటదే వస్తుంది.

జూన్ 4, బుధవారం

నిమిషానికి ఇన్ని లెక్కలు అని గడియారం పెట్టి నేర్పే క్లాసు కరపత్రం గుమ్మంలో పడింది. వేగం అభ్యాసంతో వెనకాల వస్తుంది. ముందు పెడితే ఆలోచించే పిల్లలు బెదిరిపోతారు, పదహారు రకాలు రాయడానికి మధ్యాహ్నమంతా తీసుకున్న మా పెద్దదానిలాంటివాళ్ళు. అమ్మాయి ఫోను చేస్తే ఇంత గట్టిగానూ చెప్పాను.

జూన్ 7, శనివారం

రేపు బండి. పెట్టెలు సర్దుతుంటే పెద్దది నోటుపుస్తకం పట్టుకుని వచ్చింది. "నాలుగంకెలు 6174కి వెళ్తాయి, మూడంకెలు 495కి వెళ్తాయి. రెండంకెలు ఎక్కడికి వెళ్తాయి?"

చేద్దాం పద అన్నాను. 72లోంచి 27 పోతే 45. 54లోంచి 45 పోతే 9. 90లోంచి 09 పోతే 81. 81లోంచి 18 పోతే 63. 63లోంచి 36 పోతే 27. 72లోంచి 27, మళ్ళీ 45. ఎక్కడా ఆగదు, తిరుగుతూనే ఉంటుంది. ఇంకో సంఖ్యతో మొదలెట్టింది, అదీ వచ్చి ఈ చుట్టులోనే పడింది.

చిన్నవాడు వంగి చూసి, "45, 9, 81, 63, 27... అన్నీ తొమ్మిదో ఎక్కంలోవే" అన్నాడు. వాడికి ఆ ఎక్కం పూర్తిగా రాదు, అక్క వల్లె వేస్తుంటే విన్నాడు.

ఎందుకంటావే అని పెద్దదాన్ని అడిగాను. తెలియదంది. చీపురుపుల్లల డబ్బా తెచ్చి ఏడు కట్టలూ రెండు విడిపుల్లలూ పెట్టాను. దీన్ని 27 చెయ్యాలంటే ఏం చెయ్యాలి? చాలాసేపు కట్టలు అటూ ఇటూ జరిపింది. ఐదు కట్టలు పక్కకి తీసి, వాటి బదులు ఐదు విడిపుల్లలు పెట్టింది. అంటే కట్ట పోయి పుల్ల వచ్చింది. "కట్టకి పది, పుల్లకి ఒకటి. తొమ్మిది పోయింది. ఐదుసార్లు తొమ్మిది, నలభైఐదు! 81కి 18 అయితే ఏడుసార్లు తొమ్మిది!" చిన్నవాడు నేనూ నేనూ అని డబ్బా లాక్కున్నాడు. పెద్దది పుస్తకంలో కొత్త పేజీ తిప్పి పైన 'ఐదంకెలు' అని రాసుకుంది. నేను రైల్లోకి పులిహోర కలపడానికి లేచాను.